అద్దం మీద చిన్న స్టార్‌ఫిష్: తీసేయాలా, వదిలేయాలా?

రాత్రి ట్యాంకు లైట్లు ఆపాక ఊరికే టార్చి వేసి చూశారు. అద్దం మీద వేలిగోరంత తెల్లటి నక్షత్రం ఒకటి. రాతి మీద ఇంకొకటి. పంపు పక్కన మరో రెండు. మీరు కొనలేదు, దుకాణంవాడు ఇవ్వలేదు. మరి ఎక్కణ్ణుంచి వచ్చాయి? పగడాల్ని తినేస్తాయా? రేపు పొద్దున్నే పట్టకారు పట్టుకుని కూర్చోవాలా?

మీ కంగారు అర్థమవుతుంది. పాపిరెడ్డిపట్టి లాంటి ఊళ్లో సముద్రపు నీటి ట్యాంకు పెట్టడమే సాహసం. ఒకవైపు ఏర్కాడు కొండలు, ఇంకోవైపు చెరకు, పసుపు చేలు. సముద్రం చూడాలంటే పుదుచ్చేరికో కడలూరుకో పోవాలి. ఉప్పు, రాళ్లు, చేపలు, పగడాలు అన్నీ సేలం నుంచో, బెంగళూరు నుంచో, చెన్నై కొళత్తూరు నుంచో తెచ్చుకోవాలి. ఇంత డబ్బూ ఓపికా పోసి పెంచుకున్న ట్యాంకులో పిలవని చుట్టం కనబడితే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ చిన్న స్టార్‌ఫిష్‌ల వల్ల చాలా ట్యాంకుల్లో ఏ హానీ ఉండదు. కొన్ని ట్యాంకుల్లో మాత్రం నిజంగానే పగడాల్ని తింటాయి. మీ ట్యాంకులో ఉన్నవి ఏ రకమో మీరే తేల్చుకోవాలి. ఎలా తేల్చుకోవాలో అడుగడుగునా చూద్దాం.

ముందు వచ్చిందెవరో గుర్తుపట్టండి

"స్టార్‌ఫిష్ వచ్చింది" అంటే సరిపోదు. ట్యాంకులో మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా మూడు రకాలు.

1. ఆస్టెరినా. సాధారణంగా సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. తెలుపు, బూడిద, లేత గోధుమ రంగుల్లో ఉంటుంది. చేతులు పొట్టిగా, వేళ్ల మధ్య పొర ఉన్న బాతుకాలిలా ఉంటాయి. ఒకదానికి ఐదు చేతులుంటే ఇంకోదానికి ఆరో ఏడో ఉండొచ్చు. రెండు పెద్దవి, మిగిలినవి చిన్నవిగా ఉంటే అది ఆస్టెరినానే అనుకోండి. మనం ఆస్టెరినా అంటున్నవాటిలో చాలావాటిని శాస్త్రవేత్తలు ఇప్పుడు అక్విలోనాస్ట్రా అనే ప్రజాతిలో పెడుతున్నారు. వీటిలో జాతులు చాలా ఉన్నాయి, అన్నిటి తిండీ ఒకటి కాదు. ఒకరు "మంచిదే" అంటే ఇంకొకరు "నా పగడాల్ని తినేసింది" అనడానికి కారణం ఇదే. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు.

2. చిన్న బ్రిటిల్ స్టార్. మధ్యలో చిన్న బిళ్ల, దాన్నుంచి దారాల్లాంటి సన్నటి పొడవాటి చేతులు. రాతి సందుల్లోంచి, స్పాంజి ఫిల్టర్లోంచి చేతులు మాత్రం బయటికి ఊపుతూ కనిపిస్తుంది. మిగిలిపోయిన మేత, చెత్త తిని బతుకుతుంది. దీన్ని ముట్టుకోకండి. మీ దగ్గర జీతం తీసుకోని పనిమనిషి ఇది.

3. చాక్లెట్ చిప్ స్టార్‌ఫిష్. ఇది తనంతట తాను రాదు, మనమే కొని తెస్తాం. లేత రంగు ఒంటి మీద గోధుమ రంగు బుడిపెలు ఉంటాయి, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. పగడాల ట్యాంకులో మాత్రం పెట్టకూడదు. పగడాలు, స్పాంజిలు, మెల్లగా కదిలే జీవులు ఏవి దొరికినా తింటుంది. దుకాణంలో "చిన్నదే కదా, ఏం చేస్తుంది?" అంటే నమ్మకండి.

మీ అద్దం మీద ఉన్నది మొదటి రకమైతే ముందుకు సాగుదాం.

ఇంత భయం ఎందుకు?

స్టార్‌ఫిష్ అనగానే చాలామందికి ముళ్ల కిరీటం స్టార్‌ఫిష్ గుర్తొస్తుంది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో 1985 నుంచి 2012 వరకు పగడాల విస్తీర్ణం దాదాపు సగానికి పడిపోయింది. ఆ నష్టంలో 42 శాతం దీనివల్లేనని అక్కడి శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. తుపానుల వాటా 48 శాతం. ఆ విధ్వంసం చూపే వీడియో ఒకటి చూశాక అద్దం మీది చుక్కను చూస్తే వణుకు పుట్టడం సహజం.

కానీ ఆ కిరీటధారి 30 సెంటీమీటర్లు దాటి పెరిగే జీవి. ఒక్కటే ఏడాదికి దాదాపు 10 చదరపు మీటర్ల పగడాన్ని తినగలదు. మీ ట్యాంకులోది సెంటీమీటరు ప్రాణి, కుటుంబమే వేరు. తినే తీరు మాత్రం ఒకటే. కడుపును నోట్లోంచి బయటికి తోసి, ఆహారం మీద పరిచి, అక్కడే అరిగించుకుని మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఆస్టెరినా కడుపు పరిచేది ఎక్కువగా అద్దం మీది నాచు పొర మీద, బ్యాక్టీరియా జిగురు మీద. ఒక్కోసారి రాతి మీది గులాబీ రంగు కొరలైన్ నాచు మీద కూడా పరుస్తుంది. అది లేచి వెళ్లాక చిన్న తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ రాతి మీద ఉంటే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. పగడం మీద ఉంటేనే ఆలోచించాలి.

తేల్చుకోవడానికి ఆరు మెట్లు

1. పగలు చూసి తీర్పు చెప్పకండి. ఇవి చీకటి పడ్డాకే బాగా తిరుగుతాయి. లైట్లు ఆరిన గంటా రెండు గంటల తర్వాత చూడండి. టార్చికి ఎర్ర కాగితం చుడితే జీవులు అంతగా బెదరవు. మూడు నాలుగు రాత్రులు వరసగా చూస్తే వాటి దారి తెలుస్తుంది.

2. ఎక్కడెక్కడ ఉన్నాయో రాసుకోండి. అద్దం మీద ఎన్ని, రాతి మీద ఎన్ని, పగడాల మీద ఎన్ని? ఒక నోటుపుస్తకంలో మూడు గళ్లు గీసి నింపండి. చాలామందికి ఈ మెట్టు దగ్గరే సగం భయం పోతుంది. లెక్క వేస్తే అన్నీ అద్దం మీదే ఉంటాయి మరి.

3. పగడం మీద ఒకటి కనిపిస్తే వెంటనే లాగేయకండి, ముందు ఫోటో తీయండి. మరుసటి రాత్రి అదే చోట ఫోటో తీయండి. అది దాటి పోతోందా, తిష్ట వేసిందా? దాని కింద పగడం మామూలుగా ఉందా, కణజాలం కరిగి తెల్లబడిందా? దారిలో ఎక్కి దిగిపోయేది వేరు, రోజూ వచ్చి భోజనానికి కూర్చునేది వేరు.

4. పగడం ముందే జబ్బుపడి ఉందేమో చూడండి. చచ్చిపోతున్న కణజాలం మీదికి చెత్త తినే జీవులన్నీ చేరతాయి. అప్పుడు స్టార్‌ఫిష్ హంతకుడు కాదు, శవం దగ్గర దొరికిన సాక్షి మాత్రమే. నీటి లవణీయత, ఆల్కలినిటీ, నైట్రేట్, ఫాస్ఫేట్ పరీక్షించండి. ఆల్కలినిటీ ఒక్కసారిగా మారినా పగడం కణజాలం వదిలేస్తుంది.

5. అసలు దొంగలు వేరే ఉన్నారేమో వెతకండి. జోయాంథిడ్‌లు (గుంపుగా పెరిగే, పగడాల్లాంటి మెత్తటి జీవులు) రోజురోజుకీ ముడుచుకుంటున్నాయా? వాటిని తినే ఒక రకం న్యూడిబ్రాంక్ (గవ్వలేని సముద్రపు నత్త) ఉంది. వాటిని తినీ తినీ అదే రంగులోకి మారిపోతుంది, కాబట్టి పక్కనే ఉన్నా కంటికి ఆనదు. కాడల మధ్య చుట్టలు చుట్టిన తెల్లటి గుడ్ల వరస కనిపిస్తే అనుమానం అక్కర్లేదు, అదే. గుండ్రటి చక్రంలాంటి గవ్వ ఉన్న సన్‌డయల్ నత్త కూడా జోయాంథిడ్‌లను తింటుంది. ఇవి రెండూ రాత్రి పని కానిచ్చి పగలు దాక్కుంటాయి. అద్దం మీద తెల్లగా కనిపించే ఆస్టెరినా మీద నింద పడుతుంది.

6. ఇంకా సందేహం తీరకపోతే పరీక్ష పెట్టండి. చేపపిల్లల్ని ఉంచే చిన్న వల పెట్టెను ట్యాంకులోనే వేలాడదీయండి. అందులో ఒక ఆరోగ్యమైన జోయాంథిడ్ ముక్క పెట్టండి. పగడం మీద దొరికిన స్టార్‌ఫిష్‌లు రెండు మూడు దాంతో పాటు వదలండి. కొన్ని రోజుల్లో జోయాంథిడ్ తెరుచుకుని హాయిగా ఉంటే కేసు కొట్టేసినట్టే. ముక్క కరిగిపోతే మీ ట్యాంకులోవి పగడాలు తినే రకం. ఒక చిన్న ముక్క పోతుంది గానీ ట్యాంకు మొత్తానికి జవాబు దొరుకుతుంది.

లెక్క పెరిగితే దానికీ ఒక అర్థం ఉంది

ఆస్టెరినాకు జతతో పని లేదు. మధ్యకు చీలి రెండవుతుంది, ఒక్కో సగం తనకు తక్కువైన చేతుల్ని మళ్లీ మొలిపించుకుంటుంది. చేతులు హెచ్చుతగ్గులుగా ఉండడానికి కారణం అదే. లైవ్ రాక్ (జీవులు పట్టిన సముద్రపు రాయి) మీదో, పగడపు ముక్క అడుగునో ఒక్కటి వచ్చినా చాలు, కొన్ని నెలల్లో పదులు కావచ్చు.

కానీ తిండి లేకుండా ఏ ప్రాణీ పెరగదు కదా? అద్దం నిండా స్టార్‌ఫిష్‌లు ఉన్నాయంటే అద్దం నిండా నాచు పొర ఉందని అర్థం. నాచుందంటే మేత ఎక్కువ వేస్తున్నారన్నమాట, లేదా నీళ్లలో నైట్రేట్, ఫాస్ఫేట్ పేరుకున్నాయన్నమాట. కలుపు పెరిగిందని కలుపునే తిడితే లాభం లేదు, నీళ్లూ ఎరువూ ఎక్కడ ఎక్కువవుతున్నాయో చూడాలి. పసుపు పండించే మన ఊరివాళ్లకు ఇది ఒకరు చెప్పాలా?

అందుకే లెక్క పెరిగినప్పుడు ముందు ఇవి చేయండి: మేత తగ్గించండి, అద్దం గీకే పని వారానికి రెండు సార్లు పెట్టుకోండి, స్కిమ్మర్ కప్పు కడగండి, నీళ్లు మార్చడం క్రమం తప్పకండి. నాచు తగ్గితే లెక్క తనంతట అదే దిగుతుంది.

మన ఊరి నీళ్ల సంగతి

మన ధర్మపురి జిల్లా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందరికీ తెలుసు. హొగేనక్కల్ తాగునీటి పథకం వచ్చిందే ఆ బాధ తీర్చడానికి. "ఫ్లోరైడ్ నీళ్లు పోస్తే స్టార్‌ఫిష్‌లు పుడతాయా?" అని మీ ఇంట్లో ఎవరైనా అడగొచ్చు. పుట్టవు. సముద్రపు నీటిలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటుంది. ట్యాంకు విషయంలో బోరు నీటితో అసలు చిక్కు వేరే. అందులోని కాఠిన్యం, చేల నుంచి దిగే నైట్రేట్, సిలికేట్లు అన్నీ ఉప్పుతో కలిసి ట్యాంకులోకి చేరతాయి. ఆవిరైన నీటికి బదులు రోజూ అదే బోరు నీళ్లు పోస్తే ఆవిరయ్యేది నీరు మాత్రమే, మిగతాదంతా ట్యాంకులోనే పోగవుతుంది. నాచుకు పండగ, నాచు తినేవాటికి విందు.

కాబట్టి ఉప్పు కలపడానికైనా, ఆవిరైన మేరకు నింపడానికైనా ఆర్వో నీళ్లే వాడండి. దాని తర్వాత డీఐ రెసిన్ గొట్టం కూడా ఉంటే మేలు. టీడీఎస్ మీటరు సున్నా దగ్గర చూపించాలి. తాగే నీళ్ల క్యాన్ చాలదా అంటారేమో. ఆ క్యాన్‌లో రుచి కోసం లవణాలు మిగిల్చి ఉంటారు, మీటరు పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.

ఎండాకాలం ఇంకో జాగ్రత్త. కరెంటు పోయి గది వేడెక్కితే నీళ్లు వేగంగా ఆవిరై లవణీయత పైకి పోతుంది. స్టార్‌ఫిష్ జాతి మొత్తం లవణీయత మార్పుకు చాలా సున్నితం. ఒక ఉదయం ఆస్టెరినాలన్నీ ముద్దలై రాలిపోయి కనిపిస్తే "పీడ విరగడైంది" అనుకోకండి. వెంటనే రిఫ్రాక్టోమీటరు తీయండి. సాపేక్ష సాంద్రత 1.025 దగ్గర ఉండాలి. వాటి తర్వాత వంతు మీ రొయ్యలది, పగడాలది కావచ్చు.

చాలామంది చేసే తప్పులు

1. నలిపేయడం, కోసేయడం. చీలి రెండయ్యే ప్రాణిని ముక్కలు చేసి ట్యాంకులోనే వదిలితే ఏం జరుగుతుందో ఊహించండి. తీసేటప్పుడు మొత్తంగా తీయండి. పట్టకారుతోనో, సన్నటి గొట్టంతో పీల్చో తీసి గ్లాసెడు మంచినీళ్లలో వేయండి. ఉప్పులేని నీటిలో అవి బతకవు.

2. రాగి మందు పోయడం. రాగి స్టార్‌ఫిష్‌నే కాదు, రొయ్యల్నీ నత్తల్నీ పగడాల్నీ చంపుతుంది. పైగా రాళ్లలో, ఇసుకలో ఇంకిపోయి చాలాకాలం ఉంటుంది. పగడాలున్న ట్యాంకులో రాగి మాటే ఎత్తకండి.

3. ట్యాంకు లవణీయత తగ్గించి వాటిని చంపుదామనుకోవడం. స్టార్‌ఫిష్‌లతో పాటు పగడాలూ పోతాయి.

4. మరునాడే హార్లెక్విన్ రొయ్యను కొనుక్కురావడం. ఈ రొయ్య స్టార్‌ఫిష్‌లనే తింటుంది, పని కూడా బాగా చేస్తుంది. అవన్నీ అయిపోయాక ఏం తింటుంది? వేరే మేత ముట్టదు. మీరు మళ్లీ స్టార్‌ఫిష్‌లు కొని దానికి వేయాలి, లేదా అది ఆకలితో చావాలి. పైగా మీరు ముచ్చటపడి కొన్న పెద్ద స్టార్‌ఫిష్‌నూ వదలదు. అది తెచ్చేలోపే "తర్వాత దీన్ని ఎవరికిస్తాను?" అన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి.

5. కొత్త పగడాన్ని సంచిలోంచి తీసి నేరుగా ట్యాంకులో పెట్టేయడం. అసలు ఈ కథంతా మొదలయ్యేది అక్కడే. ముక్కను తిప్పి అడుగు చూడండి. పగడాలకు వాడే డిప్ మందులో ముంచండి. డిప్‌కు లొంగనివి కొన్ని ఉంటాయి కాబట్టి టార్చి వేసి కంటితో వెతికి ఏరేయండి. వీలైతే కొన్ని వారాలు వేరే చిన్న ట్యాంకులో ఉంచండి.

6. "రామేశ్వరం నుంచి రాయి తెస్తాను, ఖర్చు తగ్గుతుంది" అనుకోవడం. ఈ పొరపాటుకు శిక్ష ట్యాంకుతో ఆగదు. రీఫ్ కట్టే గట్టి పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్ గల్ఫ్‌లో 21 దీవుల చుట్టూ ఉన్నది మెరైన్ నేషనల్ పార్కు. తీరంలో పడి ఉన్న చచ్చిన పగడపు ముక్కైనా సరే, సంచిలో వేసుకోకండి. ఏది కొన్నా బిల్లు అడగండి, ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి.

మీకు ఎదురయ్యే మూడు సందర్భాలు

సందర్భం ఒకటి. ట్యాంకు పెట్టి ఆరు నెలలైంది. అద్దం మీద పది పదిహేను ఆస్టెరినాలు. పగడాలన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి. ఏం చేయాలి? ఏమీ చేయకండి. అద్దం గీకేటప్పుడు ఎదురొచ్చినవాటిని తీసేయండి, చాలు. అవి మీ నాచు తింటున్నాయి.

సందర్భం రెండు. మీ తమ్ముడు ఫోన్ చేశాడు: "అన్నా, జోయాంథిడ్‌లు నాలుగు రోజులుగా ముడుచుకునే ఉన్నాయి, రాత్రి చూస్తే వాటి మీద రెండు స్టార్‌ఫిష్‌లు ఉన్నాయి. మందు పోసేదా?" వద్దని చెప్పండి. ఆ రెండింటినీ తీసి వల పెట్టెలో పరీక్ష పెట్టమనండి. ఈలోగా ముడుచుకున్న ఆ జోయాంథిడ్ ముక్కను బయటికి తీసి కాడల మధ్య న్యూడిబ్రాంక్ గుడ్లున్నాయేమో భూతద్దంతో చూడమనండి. నీళ్లు పరీక్షించమనండి. దొంగ దొరికాక మందో మాకో ఆలోచించొచ్చు.

సందర్భం మూడు. పరీక్షలో ముక్క కరిగిపోయింది. రాత్రి చూసినప్పుడల్లా పగడాల మీదే గుంపుగా ఉంటున్నాయి. ఇక జాలి వద్దు. రోజూ రాత్రి పది నిమిషాలు కేటాయించి ఒక్కొక్కటే ఏరండి. జోయాంథిడ్ ముక్కల్ని రాతి మీంచి తీసి విడిగా ఇసుక మీద చిన్న స్టాండ్‌లో పెట్టండి, స్టార్‌ఫిష్‌లకు వాటిని చేరడం కష్టమవుతుంది, మీకు ఏరడం సులువవుతుంది. మేత తగ్గించండి. కొన్ని వారాలు పట్టు వదలకపోతే లెక్క పడిపోవడం మీ నోటుపుస్తకంలోనే కనబడుతుంది. ఒక్కటి కూడా మిగలకుండా పోవాలని పట్టుబట్టకండి. పగడాలు తెరుచుకుంటే మీరు గెలిచినట్టే.

గోడకు అంటించుకోదగ్గ ఐదు మాటలు

1. గుర్తుపట్టకుండా చంపొద్దు.
2. రాత్రి చూడకుండా తీర్పు చెప్పొద్దు.
3. లెక్క పెరిగితే ముందు మేత డబ్బా వైపు చూడండి.
4. మందు పోసే ముందు చేత్తో ఏరి చూడండి.
5. కొత్తగా వచ్చే ప్రతి ముక్కనూ తలుపు దగ్గరే తనిఖీ చేయండి.

ఆస్టెరినా పురుగు కాదు, దేవత కూడా కాదు. నాచున్నచోట పనికొస్తుంది, పగడం మీద పడితే పనికిరాదు. ఈ రెండింటికీ తేడా చెప్పగలిగేది మీ కళ్లే. ఇవాళ రాత్రి లైట్లు ఆరాక ఒక నోటుపుస్తకం, ఎర్ర కాగితం చుట్టిన టార్చి పట్టుకుని ట్యాంకు ముందు కూర్చోండి. మొదటి పేజీ నింపాకే పట్టకారు తీయండి.